చెమట గీసే ముక్కు

మా నాన్న జమ్స్రాన్ చేతిలో అది ఎప్పుడూ ఉండేది:
మూరెడు ముక్కు, పసుపు తిరిగిన ఎముక,
కొనన ఎర్రటి చిన్న కొక్కెం.
పందెం నుంచి వచ్చిన గుర్రం ఒంటిని
మెడ నుంచి తొడ దాకా గీస్తే
చెమట నురగై జారేది.
"ఇనుమైతే కోస్తుంది, కర్రయితే గీరుతుంది.
దీనితో గీసిన గుర్రానికి గాలి తెలుస్తుంది" అనేవాడు.

తాత కాలంలో ఒక ముక్కుకి ఒక గుర్రం.
నాన్న కొన్ననాటికి పది గుర్రాలు, పైన గొర్రెలు.
ధర ఎందుకు పెరిగిందో
ఎవరూ సరస్సు దాకా వెళ్ళి అడగలేదు.

పులిసిన గుర్రప్పాల పేరే మా సరస్సుది. ఐరగ్.
ఏప్రిల్లో, మంచు ఇంకా ఒడ్డుని వదలకముందే
వచ్చి దిగుతాయి గూడకొంగలు.
మెడ వెనక నొక్కుల జుట్టు,
నిద్ర లేచి దువ్వుకోని ముసలాళ్ళలా.
గొంతు కింది సంచి మాత్రం నిప్పు రంగు.
పెళ్ళిళ్ళ కాలం మరి.
రెల్లు తుక్కు పోగేసి, తొక్కి తొక్కి దిబ్బ చేసి
రెండే గుడ్లు.
పిల్ల తల్లి గొంతులోకి తల దూర్చేసి తింటుంది,
బావిలోకి వంగినట్టు.
పెద్దవాటికి మాటలు తక్కువ.
వేటకి మాత్రం పది కలిసి వంపుగా వరస కట్టి
చేపల్ని ఒడ్డుకి తోలుకొస్తాయి
సాయంత్రం మేం గొర్రెల్ని తోలినట్టే.
ఆపైన అన్నీ ఒక్కసారి వంగి
గూడ వేసినట్టు తోడేస్తాయి.
నీళ్ళు కారిపోతాయి. చేప మిగులుతుంది.

నా పని వాటిని లెక్కపెట్టడం.
ఒక దూరదర్శిని, విరిగిన దాని కాలికి
ఒంటె బొచ్చు తాడుతో నేనే వేసిన కట్టు.
పుస్తకాల్లో ఈ పక్షి పేరు పక్కన 'దుర్బలం' అని ఉండేది.
పడమటి దేశాల్లో పెరిగాయని
ఆ మాటను ఒక మెట్టు తగ్గించారట.
మంచిదే.
మా తూర్పు గుంపుకి ఆ కబురు చెప్పినవాళ్ళు లేరు.

అక్టోబరులో సరస్సు అంచు గాజవుతున్న రోజు
గాలి వెచ్చబడేదాకా ఆగి,
పైకి, ఇంకా పైకి, చుట్టూ తిరుగుతూ
గోబీ వైపు మళ్ళాయి.
అరవై మూడు.
రెండుసార్లు లెక్కపెట్టాను. అరవై మూడే.

అవి దిగేచోట, చైనా తీరాన,
బురద మీద బూట్లతో నిలబడుతుంది యూ పేయ్‌లాన్.
ఏటేటా అడ్డుగోడ ముందుకి జరుగుతోందనీ
ఆటుకి తేలే బురద తగ్గిపోతోందనీ రాస్తుంటుంది.
ఈసారి రాసింది ఒక్కటే మాట: "అరవై నాలుగు."
మళ్ళీ చూడమన్నాను.
పోటు వచ్చి మోకాళ్ళు తడిసేదాకా చూసిందట.
"అరవై నాలుగే. ఒకటి కాస్త ఎడంగా నిలబడుతోంది."

పరుగున వచ్చి నాన్నకి చెప్పాను.
కళ్ళెం కుడుతున్నాడు, తల ఎత్తలేదు.
"మందలో గొర్రె ఎక్కువైతే సంబరపడేది పిల్లలు.
ఎక్కడో ఎవడో
చీకట్లో లాంతరు పట్టుకుని తిరుగుతుంటాడు."

ఏ సరస్సు మీదో ఆఖరిదేమో అది.
పడమటి సరస్సుల వాళ్ళందరికీ రాశాను.
ఇద్దరు జవాబిచ్చారు. వాళ్ళ లెక్కలు సరిగానే ఉన్నాయి.

విల్లో కర్రతో నేను చెక్కిచ్చిన గీత
మూడేళ్ళుగా వాడుతున్నాడు నాన్న.
గుర్రం మొదట్లో చెవులు వెనక్కి వాల్చేది.
ఇప్పుడు పట్టించుకోదు.
పాత ముక్కు గేర్ గోడకి వేలాడుతోంది,
పగుళ్ళలో చచ్చిపోయిన గుర్రాల వెంట్రుకలతో.

ఆ రాత్రి దాన్ని దించాడు.
ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తడిగుడ్డతో తుడిచాడు.
"దీన్ని ఎవరు వెతికారో" అన్నాడు.
మళ్ళీ అదే మేకుకి తగిలించి పడుకున్నాడు.

తెల్లారేదాకా గుడారమంతా చేపల వాసన.